సెలవు పెట్టి అడవి బాటలు బాగుచేయడం: మన కంబాలకొండలో కుదురుతుందా?

సీతమ్మధార_సుధ:
అందరికీ నమస్కారం. మా చెల్లెలు అమెరికాలో, వర్జీనియాలో ఉంటుంది. ఈ ఏడాది సెలవు పెట్టి ఊళ్ళు తిరగడానికి కాకుండా, అడవిలో కాలిబాట బాగుచేసే వాలంటీర్ల బృందంతో వెళ్ళింది. వారం పాటు గుడారంలో పడక, తెల్లారగానే పనిముట్లు భుజాన వేసుకుని కొండెక్కడం, సాయంత్రం దాకా మట్టి, రాళ్ళు. జీతం లేదు సరికదా, కొన్ని సంస్థల్లో తిండి ఖర్చుకి మనమే ఎదురు కట్టాలట. అయినా ఫోన్‌లో దాని గొంతు ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. "అక్కా, నేను పెట్టిన మెట్టు మీద జనం నడుస్తున్నారు" అని పదే పదే చెబుతోంది.

నేను ఆదివారాలు మన విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవికి వెళ్తుంటాను. లోపల ఒక ఎక్కుడు దారి వానలకి నడిమధ్యన కోసుకుపోయింది, చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. అందులో కాలు జారుతుందని జనం పక్కనుంచి నడిచారు. ఆ పక్కదారి కూడా గాడి పడింది. తర్వాత వచ్చినవాళ్ళు ఇంకాస్త పక్కకి జరిగారు. ఒక్క మనిషి పట్టే బాట ఉన్నచోట ఇప్పుడు మూడు గాళ్ళు, వాటి మధ్య తొక్కిడికి చచ్చిన పొదలు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అక్కడ వాళ్ళు చేస్తున్న పని ఇక్కడ మనం చేయగలమా? అసలు ఆ పనిలో ఏం నేర్పుతారు? యాభైకి దగ్గరపడుతున్న నాలాంటివాళ్ళకి చేతనవుతుందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

బ్లూరిడ్జ్_బాబ్జీ:
సుధక్కా, నాది గాజువాక, ఉంటున్నది వర్జీనియాలోనే. ఇలాంటి బృందాలతో నేనూ పనిచేశాను కాబట్టి కాస్త చెప్పగలను.

మీ చెల్లెలు వెళ్ళింది అపలాచియన్ ట్రైల్ వైపే అనుకుంటున్నా. జార్జియా నుంచి మెయిన్ వరకు 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్ల కాలిబాట అది. 1937లో ఆ చివర నుంచి ఈ చివరకి కలిసింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా దాని బాగోగులు చూస్తున్నది ఎక్కువగా వాలంటీర్లే. ఒక్కో క్లబ్బు ఒక్కో ముక్క పంచుకుంటుంది. ప్రభుత్వ సిబ్బంది దగ్గరుండి చూస్తారు, అనుమతులు వాళ్ళవే.

మొదటి పూట పనేమీ చేయనివ్వరు. పనిముట్టు ఎలా పట్టుకోవాలి, ఎలా మోయాలి, ఇద్దరి మధ్య ఎంత ఎడం ఉండాలి, ఇవే నేర్పుతారు. పనిముట్టు ఎత్తినప్పుడు చుట్టూ పదడుగుల్లో ఎవరూ ఉండకూడదు. దాటి వెళ్ళాలంటే కేకేసి చెప్పాలి, అవతలివాళ్ళు పని ఆపి "రా" అన్నాకే కదలాలి.

అక్కడ అందరి చేతిలో కనిపించేది పులాస్కీ. ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క మన గొప్పులాంటి పలక. 1910లో అయిడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషుల్ని పాత గని సొరంగంలోకి తోలుకెళ్ళి చాలామంది ప్రాణాలు నిలబెట్టిన ఎడ్ పులాస్కీ అనే రేంజరు పేరు మీద వచ్చిన పనిముట్టు. వేరు నరకాలన్నా మట్టి లాగాలన్నా ఒక్కటే చాలు, రెండు మోయక్కర్లేదు.

కొన్ని అడవుల్లో మోటారు రంపం నిషేధం. 1964 నాటి వనప్రాంతాల చట్టం ప్రకారం అక్కడ యంత్రాలు వాడకూడదు. బాటకి అడ్డంగా మాను పడితే ఇద్దరు చెరో పక్క పట్టుకుని కోసే పొడుగు రంపమే గతి. మన టింబర్ డిపోల్లో పాతకాలం వాళ్ళు కోసినట్టే. లాగడమే కానీ తొయ్యకూడదు. తోస్తే రంపం వంగి పట్టేస్తుంది. నా వంతు అయ్యాక నేను వదిలేయాలి, అవతలి మనిషి లాక్కుంటారు. ఊపు కుదిరితే గంటలు గడిచినా చెయ్యి నొప్పి తెలియదు.

వయసు గురించి బెంగ వద్దు. మా బృందంలో అరవై దాటినవాళ్ళు నాకంటే ముందు కొండెక్కేవాళ్ళు. ఎవరి ఓపికకి తగ్గ పని వాళ్ళకి ఉంటుంది. కొమ్మలు కత్తిరించడం, గులకరాళ్ళు మోయడం, నీటి గాడి శుభ్రం చేయడం, వంట, అన్నీ పనే.

సీతమ్మధార_సుధ:
బాబ్జీ, చాలా థాంక్స్. ఆ మెట్టు గురించి ఇంకొంచెం చెప్తావా? దానికి ఒక రోజంతా పట్టిందని చెల్లి అంటే నమ్మలేకపోయాను.

బ్లూరిడ్జ్_బాబ్జీ:
రోజు పట్టడం మామూలేనక్కా. ముందు రాయి వెతకాలి. పైభాగం చదునుగా ఉండాలి, మనిషి కదల్చలేనంత బరువుండాలి. దాన్ని గునపాలతో, ఒక్కోసారి తాళ్ళతో, అంగుళం అంగుళం జరుపుకుంటూ తేవాలి. ఎత్తకూడదు, దొర్లించకూడదు. దొర్లితే కింద ఎవరున్నారో తెలియదు. రాయి ఆకారానికి సరిపోయేలా గుంత తవ్వాలి. రాయిలో చాలా భాగం భూమిలోనే ఉండిపోవాలి, పైకి కనిపించేది ఒక్క అడుగు మోపే మేర. కింది మెట్టు వెనక అంచు మీద పై మెట్టు కూర్చోవాలి, అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సందుల్లో మట్టి వేయరు, వానకి కొట్టుకుపోతుంది. సుత్తితో రాళ్ళు నలగ్గొట్టి ఆ నలుగు కూరుతారు. చివర్లో బృందంలో బరువైన మనిషి ఎక్కి నాలుగు మూలలా ఊగుతాడు. గుంటలో రాయి 'టక్' అని చప్పుడు చేసిందా, మళ్ళీ తీసి మొదటికి రావాల్సిందే.

పోర్టు_మాస్టారు:
సుధమ్మా, నేను సివిల్ పనుల్లో జీవితం గడిపినవాణ్ణి. మీరు చెప్పిన మూడు గాళ్ళ దారి నేనూ చూశాను. అందరూ మెట్లు, రాళ్ళ గురించి మాట్లాడతారు కానీ బాటకి శత్రువు జనం కాదు, నీళ్ళు. నీళ్ళు బాటలోకి దిగి, దాని వెంటే పరిగెత్తడం మొదలుపెట్టాయంటే ఇక ఎన్ని మెట్లు వేసినా నిలవవు.

మన విశాఖ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ పొడిబారి, విరిగి, ఎర్రమట్టిగా మారిపోయే గుణం దానిది. గోటితో గీకితే రాలే చోట్లు కూడా ఉంటాయి. పైన రాలిన ఆకులు, గడ్డివేళ్ళు ఉన్నంతకాలం మట్టి కదలదు. కాళ్ళ కింద ఆ పొర నలిగిపోయాక మొదటి పెద్ద వానకే కోత మొదలవుతుంది. నీటి కోత ఎంత పని చేయగలదో చూడాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళండి. అది అడవి కాలిబాట కాదు, ఇసుకమట్టి దిబ్బలు, వేల ఏళ్ళ కథ. అయినా పదును లేని వాననీరు నేలని ఎలా నిలువునా చీలుస్తుందో కళ్ళారా తెలుస్తుంది. 2014లో దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

మరి బాట ఎలా ఉండాలి? కొండకి అడ్డంగా పోవాలి, నిట్టనిలువుగా ఎక్కకూడదు. బాట వేసేవాళ్ళు రెండు లెక్కలు పాటిస్తారు. కొండవాలు ఎంత ఉంటే బాట వాలు అందులో సగం మించకూడదు. కొండ 30 శాతం వాలితే బాట 15 దాటకూడదన్నమాట. మొత్తం బాట సగటున 10 శాతం లోపు ఉండాలి, అంటే 100 మీటర్లు నడిస్తే 10 మీటర్లు ఎక్కడం. ఇక అడ్డంగా చూస్తే లోయ వైపు అంచు కాస్త వాలి ఉండాలి. మీటరు వెడల్పు బాటకి 5 సెంటీమీటర్లు చాలు. పైనుంచి వచ్చిన నీళ్ళు బాట మీద ఆగకుండా దాటుకుని కిందికి జారిపోతాయి.

జనం నడిచేకొద్దీ ఆ బయటి అంచున మట్టి గట్టు కడుతుంది. అది చాలు, బాట కాస్తా కాలువైపోతుంది. ఏడాదికోసారి ఆ గట్టుని పారతో చెక్కేయడం అన్నిటికంటే చిన్న పని, అన్నిటికంటే విలువైన పని. ఫొటోలో ఏమీ కనపడదు, అందుకే ఎవరూ దాని గురించి చెప్పరు.

రుషికొండ_రవి:
మాస్టారూ, ఇంత కష్టం ఎందుకు? సిమెంటు మెట్లు వేసేస్తే ఒక్కసారితో పని అయిపోతుంది కదా. సింహాచలం మెట్లదారి ఎన్ని తరాలుగా నిలబడలేదు?

పోర్టు_మాస్టారు:
రవీ, సింహాచలం మెట్లదారి గుడికి వెళ్ళే యాత్రికుల దారి. వేలమంది ఎక్కుతారు, రాతికట్టు, పక్కన నీళ్ళు పోయే ఏర్పాటు, ఏడాది పొడవునా చూసుకునే మనుషులు ఉన్నారు. అభయారణ్యంలో కాలిబాటకి ఆ కొలత పనికిరాదు. సిమెంటు మీద నీళ్ళు ఇంకవు, వేగం పెరుగుతుంది. మెట్ల చివర ఎక్కడ వదిలితే అక్కడ గొయ్యి పడుతుంది. అంచుల కింద మట్టి పోయి పలక గాల్లో వేలాడుతుంది. ఆ పలక విరిగాక దాన్ని అడవిలోంచి మోసుకొచ్చేది ఎవరు? పైగా సిమెంటు, ఇసుక, నీళ్ళు పైకి చేర్చడానికి ఇంకో దారి తొక్కాలి. అక్కడ దొరికే రాయితో అక్కడే కట్టింది చెడిపోయినా మళ్ళీ ఆ రాళ్ళతోనే కట్టుకోవచ్చు.

సీతంపేట_గౌరి:
మాస్టారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను మన్యం జిల్లా సీతంపేట వైపు మనిషిని, విశాఖలో ఉద్యోగం. బాబ్జీ గారు చెప్పిన రాతిమెట్టు చదువుతుంటే మా వైపు కొండలే గుర్తొచ్చాయి. సవర గిరిజనులు కొండవాలు మీద రాయి మీద రాయి పేర్చి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా పొలాలు చేసి వరి పండిస్తారు. సిమెంటు లేదు, సున్నం లేదు. పెద్ద రాయి అడుగున, గట్టు కొండవైపుకి కాస్త ఒరిగి ఉంటుంది, నీళ్ళు పై మడి నుంచి కింది మడికి నెమ్మదిగా దిగుతాయి. మట్టి ఎక్కడికీ పోదు.

అమెరికా నుంచి నేర్చుకోవద్దని అనను. కానీ ఈ పని తెలిసిన చేతులు మన జిల్లాల్లోనే ఉన్నాయి. ఎవరైనా కంబాలకొండలో పని మొదలుపెడితే మొదటి రోజు నేర్పించడానికి అలాంటి పెద్దవాళ్ళని పిలవండి. కూలీలుగా కాదు, గురువులుగా పిలిచి, గౌరవంగా రోజు డబ్బులిచ్చి.

లెక్కల_సత్యం:
ఇక్కడే నాకో అభ్యంతరం ఉంది, ఎవరూ ఏమీ అనుకోకండి. అడవిలో పొదలు కొట్టడం, మంట పాకకుండా అగ్గిగీతలు తీయడం, దారులు చెక్కడం, ఇవి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి కూలి దొరికే పనులు. అటవీశాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరి వనసంరక్షణ సమితుల్లో ఉన్నవాళ్ళకి అదే ఆధారం. సిటీ నుంచి మనం ఉచితంగా వచ్చి చేస్తామంటే వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు కాదా? అమెరికాలో పరిస్థితి వేరు, అక్కడ ఆ పనికి మనుషులే దొరకరు.

సీతమ్మధార_సుధ:
సత్యం గారూ, ఏమీ అనుకోవడం లేదు. నేను ఈ కోణంలో ఆలోచించలేదు. కొండ పక్కనున్న శంభువానిపాలెం ఊరి మనుషుల్ని అడగకుండా వాళ్ళ కొండ మీద పని పెట్టుకోవడం న్యాయం కాదు.

బ్లూరిడ్జ్_బాబ్జీ:
సత్యం గారు మంచి మాట అన్నారు. ఇక్కడ కూడా ఒక కట్టుబాటు ఉంది. జీతం తీసుకునే సిబ్బంది పనిని వాలంటీర్లు లాక్కోకూడదు. బడ్జెట్ లేక ఏళ్ళ తరబడి ఆగిపోయిన పనులే వీళ్ళకి ఇస్తారు. మన దగ్గర ఇంకో దారి ఉందని నాకనిపిస్తుంది. వచ్చే ప్రతి వాలంటీరు కొంత సొమ్ము కట్టాలి, ఆ సొమ్ముతో ఊరివాళ్ళని పనికి పెట్టుకోవాలి, వాళ్ళు చెప్పినట్టు మనం చేయాలి. అప్పుడు ఒక మేస్త్రీకి దొరికే కూలి పోదు, పెరుగుతుంది. డబ్బు కట్టి కష్టపడటం ఏమిటని నవ్వేవాళ్ళకి కూడా అదే సమాధానం.

లెక్కల_సత్యం:
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. నేనూ వస్తాను.

చట్టం_చెప్తా:
ఒక్క నిమిషం ఆగండి. ఉత్సాహంతో రేపే పార పట్టుకుని వెళ్ళేలా ఉన్నారు. కంబాలకొండ పార్కు కాదు, అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది, 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉంది, 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. మనం టికెట్ కొనుక్కుని తిరిగే ఎకో పార్కు భాగం అందులో చిన్న ముక్క.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. 29వ సెక్షన్ మీ పనికి నేరుగా తగులుతుంది. అడవిలోంచి ఏదీ తీయకూడదు, వన్యప్రాణుల ఆవాసాన్ని చెడగొట్టకూడదు, అంతేకాదు, నీటి ప్రవాహాన్ని మళ్ళించకూడదు, ఆపకూడదు. ఇవన్నీ అనుమతి ఉంటే తప్ప నేరం. మాస్టారు చెప్పిన గట్టు చెక్కడం మంచి పనే. కానీ మీ అంతట మీరు చేస్తే చట్టం దృష్టిలో అది వేరు. కాబట్టి అటవీశాఖ తన పనిగా తలపెట్టి, తన సిబ్బంది పర్యవేక్షణలో చేయించాలి. మీరు చేతిసాయం మాత్రమే.

అడవిపిట్ట:
చట్టం గారికి నా మద్దతు. పక్షులు చూడటానికి వెళ్ళేదాన్ని కాబట్టి ఒక విన్నపం. బాట 'శుభ్రం' చేయడం అంటే రెండు పక్కలా నున్నగా గొరిగేయడం కాదు. అపలాచియన్ మీద కొలత నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు అని చదివాను. ఇక్కడ అంత కూడా అక్కర్లేదు. చిరుతపులులు తిరిగే అడవి ఇది. మలుపు దగ్గర ముందు ఏముందో కనపడేలా కొమ్మలు తీస్తే మనిషికీ జంతువుకీ మంచిదే, మిగతా చోట్ల పొదని పొదలాగే ఉండనివ్వండి. కత్తిరించిన కొమ్మని బాట పక్కనే కుప్ప పోయకుండా దూరంగా, కోసిన కొస బాట వైపు కనపడకుండా పడేయండి.

సీతమ్మధార_సుధ:
మరి లాంటానా? అన్ని పక్కలా అదే అల్లుకుపోయింది కదా. అది కూడా ఉంచాలా?

అడవిపిట్ట:
లాంటానా వేరే కథ. బయటినుంచి వచ్చిన మొక్క, పండ్లు పిట్టలు తిని విత్తనాలు ఊరంతా చల్లుతాయి. కత్తితో మొదలు నరికితే పది పిలకలు లేస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు చెప్పిన పద్ధతి మేలు. భూమికి కాస్త లోపల, పిలకలు పుట్టే భాగానికి కింద తల్లివేరు నరికి, పొదని తలకిందులుగా తిప్పి ఎండబెట్టాలి. పండ్లు రాకముందే చేయాలి. కానీ వాలు మీద ఒక్కసారిగా అంతా పీకేస్తే నేల బోసిపోయి మళ్ళీ మాస్టారు చెప్పిన కోత మొదలవుతుంది. కొద్దికొద్దిగా తీసి, ఖాళీ చోట గడ్డి లేచేదాకా ఆగాలి. ఎక్కడ తీయాలో శాఖవాళ్ళే చెప్పాలి.

నర్సమ్మ_ఎంవీపీ:
ఆరోగ్యం సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నా. మన దగ్గర కష్టం ఎండ కంటే ఉక్కపోత. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగొద్దు. నీళ్ళతో పాటు ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో ఉండాలి. తల తిరిగినా, మాట తడబడినా ఆ మనిషిని వెంటనే నీడకి చేర్చి తడిగుడ్డతో తుడవాలి.

రక్తపింజరి, నాగుపాము రెండూ ఉన్న అడవి. రాయి ఎత్తేముందు గునపంతో తట్టి చూడాలి, రాయి కింద చెయ్యి పెట్టకూడదు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. కాలు కదలకుండా ఉంచి మోసుకొచ్చి, విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడమే. కేజీహెచ్ ఊళ్ళోనే ఉంది. టెన్షన్ పడి పరిగెత్తించకండి, విషం త్వరగా పాకుతుంది. అలాగే దురదగొండి. ఆ కాయల నూగు తగిలిందంటే పని మాట దేవుడెరుగు. నిండు చేతుల చొక్కా, మందం చేతిగ్లౌజులు, ధనుర్వాతం ఇంజెక్షన్, ఇవి లేకుండా ఎవరినీ రానివ్వకండి.

పోర్టు_మాస్టారు:
ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యం. రాతిపని, మెట్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు. జూన్‌లో రుతుపవనాలు దిగకముందు, మే చివర్లో నీటి గాళ్ళు శుభ్రం చేసే పని పొద్దున పూట ముగించేయాలి. సెప్టెంబరులో మళ్ళీ ఒకసారి, ఎందుకంటే మనకి అసలు గండం అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలికి ఆ కొండల మీద చెట్లు ఎలా ఒరిగిపోయాయో ఊరంతా చూసింది. మాను వేళ్ళతో సహా లేచినచోట పడిన గుంత నీళ్ళని పట్టి బాటలోకి మళ్ళిస్తుంది. తుపాను తర్వాత అడ్డం పడిన చెట్లు తీయడం మాత్రం వాలంటీర్ల పని కాదు. ఒత్తిడిలో ఉన్న కొమ్మ కోస్తే ఎటు కొడుతుందో శిక్షణ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మనం ఆ గుంతలు పూడ్చవచ్చు.

సీతమ్మధార_సుధ:
అందరి మాటలూ కలిపి అటవీశాఖకి ఒక అర్జీ రాశాను. చదివి చెప్పండి.

"కంబాలకొండ ఎకో పార్కులో వానలకి కోసుకుపోయిన కాలిబాటను బాగుచేయడానికి విశాఖ పౌరులం కొందరం ముందుకొస్తున్నాం. మీ సిబ్బంది చూపిన చోట, చూపిన విధంగా మాత్రమే పనిచేస్తాం. మొదటి విడతగా సంక్రాంతి తర్వాత ఒక వారం, పొద్దున ఏడు నుంచి పదకొండు వరకు. చుట్టుపక్కల గ్రామాల పనివారికి మేము పోగుచేసిన సొమ్ముతో కూలి చెల్లిస్తాం, వారి ఆధ్వర్యంలో పనిచేస్తాం. చెట్టు నరకం, కొత్త దారి తీయం. మూడు గాళ్ళుగా చీలిన బాటను తిరిగి ఒకే బాటగా చేసి, మిగతా రెండింటినీ పూడ్చి మొక్కలు లేవనిస్తాం."

చట్టం_చెప్తా:
బాగుంది. రెండు మార్పులు. చివరి వాక్యంలో "చేసి, పూడ్చి" తీసేసి, "చేయడానికి మీ ప్రణాళికలో చేర్చవలసిందిగా కోరుతున్నాం" అని రాయండి. నిర్ణయం వాళ్ళది. అలాగే వచ్చేవాళ్ళ పేర్లు, వయసు, అత్యవసరానికి ఇంట్లోవాళ్ళ నంబర్లు విడిగా జతచేస్తామని ఒక వాక్యం కలపండి. అర్జీ నేరుగా ఇచ్చి రసీదు తీసుకోండి.

సీతంపేట_గౌరి:
మా ఊరి పెద్దాయన ఒకరిని అడిగాను. రాతిగట్టు కట్టడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. రానుపోను ఖర్చు, రోజు కూలి ఇస్తే వస్తానన్నారు. బస మా ఇంట్లోనే.

బ్లూరిడ్జ్_బాబ్జీ:
ఆయన రానుపోను ఖర్చు నాది, గౌరీ. సుధక్కా, పనికి ముందు ఆ మూడు గాళ్ళ దగ్గర ఒకే చోట నిలబడి ఫొటో తీసి పెట్టు. ప్రతి వానాకాలం తర్వాత అక్కడినుంచే మళ్ళీ తియ్యి. అక్కడ మేం చేసే పద్ధతి అదే, ఏది నిలిచిందో ఏది పోయిందో వచ్చే ఏడాది పనికి అదే లెక్క.

లెక్కల_సత్యం:
పనిముట్లు మాట్లాడుకుందాం. నా దగ్గర గునపాలు రెండు, పార ఒకటి, గమేళాలు ఉన్నాయి. గొప్పులు పూర్ణా మార్కెట్‌లో చూస్తాను. గ్లౌజులు మాత్రం ఎవరి చేతికి సరిపోయేవి వాళ్ళే కొనుక్కోండి. వచ్చేవాళ్ళు ఈ కిందే పేరు రాయండి.